పాత జాన్సన్ పడవ మోటారు సగం దమ్ముతోనే నడుస్తోంది, ఇంజను విప్పించాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 1960ల చివర్లో వచ్చిన జాన్సన్ ఆరు హార్స్‌పవర్ మోటారు, మీ నాన్నగారు వాడింది. గోదావరి వైనతేయ పాయలో నలుగురిని ఎక్కించుకుని ఎదురు నీటిలో కూడా వెళ్ళేది. ఇప్పుడు మూడో లాగుకి స్టార్ట్ అవుతోంది, నెమ్మది మీద బాగానే ఉంటోంది, కానీ త్రాటిల్ పూర్తిగా తిప్పినా జోరు అందుకోవడం లేదు. పావుగంట దాటాక ఇంకా నీరసపడుతోంది. అరగంట ఆపి చల్లారనిస్తే మళ్ళీ కాస్త కోలుకుంటోంది. ప్లగ్గులు మార్చారు, కార్బరేటర్ కడిగించారు. ఒక మెకానిక్ కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, చూసి 72, 70 పీఎస్ఐ వచ్చాయని, రింగులు పోయాయని, బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలని అన్నారు. చేయించాలా అన్నది మీ ప్రశ్న.

చేయించకండి. ఇప్పుడప్పుడే ఇంజను విప్పనివ్వకండి.

ఆ మెకానిక్ అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. ఆయన చేతికి రోజూ వచ్చేవి మోటార్ సైకిళ్ళు. వాటిలో 120, 150 పీఎస్ఐ చూసిన కంటికి 70 అంటే చచ్చిన ఇంజనులాగే కనపడుతుంది. ఈ పాత చిన్న అవుట్‌బోర్డులు, అంటే పడవ వెనక బిగించే మోటార్లు, తక్కువ కంప్రెషన్‌తోనే తయారయ్యాయి. ఈ సైజులో 60 నుంచి 90 మధ్య ఎక్కడున్నా నేను కంగారు పడను. నేను చూసేది రెండు సిలిండర్ల మధ్య తేడా. పది శాతం లోపు ఉంటే పర్వాలేదు. మీకు వచ్చిన తేడా రెండే. యాభై ఏళ్ళు దాటిన ఇంజనులో రెండు సిలిండర్లూ ఇంత సమానంగా ఉన్నాయంటే మీ నాన్నగారు దాన్ని ఎంత జాగ్రత్తగా వాడారో తెలుస్తోంది. ఒకసారి మీరే ఇంకోలా చూడండి. ఇంజను వేడి మీద ఉండగా రెండు ప్లగ్గులూ తీసేసి, ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ ముల్లు ఇక కదలదు అనేదాకా తాడు ఐదారుసార్లు లాగండి. అప్పుడు కూడా అంకెలు దగ్గరగానే ఉంటే రింగుల మాట మర్చిపోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1996 నవంబరు తుఫాను తర్వాత కోనసీమలో నీట మునిగిన మోటార్లు చాలా వచ్చాయి నా దగ్గరికి. పని బాగా ఒత్తిడి మీద ఉన్న రోజుల్లో ఒకాయన మోటారు తెచ్చి, పది నిమిషాలు నడిచి ఆగిపోతోందన్నారు. తుఫానులో మునిగిందే కదా అని నేను ఏమీ పరీక్షించకుండా మొత్తం విప్పాను, రింగులు మార్చాను. తీరా చూస్తే లోపం ఇంజనులో లేదు. పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి వెళ్ళే మర ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. గాలి లోపలికి రాక పెట్రోలు కిందికి దిగడం లేదు. డబ్బు వెనక్కి ఇచ్చేశాను. కానీ ఆయన వేటకి వెళ్ళలేకపోయిన రోజుల్ని ఎలా తిరిగి ఇస్తాను? అప్పటినుంచి ముందు పరీక్ష చేయకుండా స్పానర్ పట్టుకోలేదు.

ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఒకటే. పడవ వెళ్ళనప్పుడు ఇంజను అరుస్తోందా, మూలుగుతోందా? ఇంజను గోల చేస్తూ తిరిగిపోతోంది, పడవ మాత్రం కదలడం లేదు అంటే శక్తి పుడుతోంది కానీ నీటికి అందడం లేదు, తప్పు కింద ఉంది: ప్రొపెల్లర్, దాని బుష్, పడవకి మోటారు బిగించిన ఎత్తు. ఇంజనే మూలుగుతూ తిరగలేకపోతోంది అంటే తప్పు చాలావరకు పైన ఉంది. మీరు జోరు అందుకోవడం లేదని రాశారు. కాబట్టి పైనే మొదలుపెడదాం. ఒక మినహాయింపు ఉంది. ప్రొపెల్లర్‌కి గుర్రపుడెక్క గానీ నైలాన్ వల గానీ చుట్టుకుంటే అప్పుడు కూడా ఇంజను మూలుగుతుంది. అది మోటారు ఎత్తి చూస్తే కనపడిపోయేదే.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ప్లగ్గుల గురించి రాసింది. పై ప్లగ్గు కాఫీ పొడి రంగులో ఉంది, కింది ప్లగ్గు నల్లగా తడిగా ఉంది అన్నారు. ఒకే కార్బరేటర్, ఒకే పెట్రోలు, ఒకే ఆయిలు రెండు సిలిండర్లకీ వెళ్తున్నాయి. తప్పు కార్బరేటర్‌లో ఉంటే రెండు ప్లగ్గులూ ఒకేలా కనపడాలి. ఒకటి మాత్రమే తడిగా వచ్చిందంటే ఆ సిలిండర్‌లోకి పెట్రోలు వస్తోంది, మండడం లేదు. అంటే ఆ సిలిండర్‌కి కరెంటు సరిగ్గా అందడం లేదు.

ఈ మోటార్లలో ఫ్లైవీల్, అంటే ఇంజను పైన తిరిగే బరువైన చక్రం, దాని కింద ప్రతి సిలిండర్‌కీ విడిగా కరెంటు పుట్టించే ఒక కాయిల్, ఒక కండెన్సర్, కరెంటుని కలిపి తెంచే ఒక జత సీబీ పాయింట్లు ఉంటాయి. ఒక వైపు పోతే రెండో వైపు దాని పని అది చేసుకుపోతుంది. అందుకే మోసపోతాం. ఒక్క సిలిండర్ మీద కూడా ఇంజను స్టార్ట్ అవుతుంది, నెమ్మది మీద ముద్దుగా తిరుగుతుంది, పొగ వదులుతుంది. లోడు పడితేనే దాని బండారం బయటపడుతుంది. శక్తి సగం కాదు, సగానికన్నా తక్కువే మిగులుతుంది, ఎందుకంటే బతికున్న సిలిండర్ చచ్చిన దాన్ని కూడా మోయాలి.

దీన్ని తేల్చుకోవాలంటే డ్రమ్ములో నీళ్ళు పోసి ఒడ్డు మీద చూస్తే కుదరదు. లోడు ఉండదు, అంత వేడీ ఎక్కదు. పడవకి బిగించి, తోడుగా ఒకరిని ఎక్కించుకుని, ఒడ్డుకి దగ్గరలో పావుగంట నడపండి. నీరసపడిందనిపించగానే త్రాటిల్ తగ్గించి, ఆపకుండా, రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో ఒక ప్లగ్గు వైరు ఊడదీసి దాని కొసను ఇంజను బాడీకి ఆనించి ఉంచండి. గాలిలో వదిలేయకండి, కరెంటుకి దారి దొరక్క కాయిల్ దెబ్బతింటుంది. ఇంజను ఆగిపోయినా, ఆగిపోబోయినా ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. తర్వాత రెండోది. ఏ వైరు తీసినా ఇంజను చప్పుడులో మార్పు రాలేదో అదే చచ్చిన సిలిండర్. మీ విషయంలో అది కిందిదే అవుతుందని నా నమ్మకం. పక్కన పెట్రోలు చెమ్మ, కారడం లేకుండా చూసుకునే ఈ పని చేయండి.

ఇది చల్లగా ఉన్నప్పుడు చేస్తే రెండూ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. వేడెక్కాకే చేయాలి. మీ మెకానిక్ ప్లగ్గు తీసి బయట కరెంటు చూసి బాగుందన్నారంటే అదీ అందుకే. పైగా బయట గాలిలో ప్లగ్గు సందు దూకడం తేలిక. సిలిండర్ లోపల ఒత్తిడిలో దూకడం కష్టం. అందుకే సందు పెంచుకునే స్పార్క్ టెస్టర్ ఒకటి కొనుక్కోండి, ఖరీదైనదేమీ కాదు. సందు ఆరు మిల్లీమీటర్లు పెట్టి తాడు లాగితే నీలంగా టప్ టప్‌మంటూ దూకాలి. పసుపుగా, సన్నగా వస్తే అది కరెంటు కిందికి లెక్క కాదు.

ఇక ఫ్లైవీల్ తీద్దాం. నట్టు విప్పాక పుల్లర్‌ని ఫ్లైవీల్ మీద ఉండే మూడు మరల రంధ్రాల్లో బిగించి తీయండి. అంచులు పట్టుకుని లాగే పుల్లర్ వాడితే ఫ్లైవీల్ వంకరపోతుంది. సుత్తితో క్రాంకు కొస మీద కొట్టడం చాలాచోట్ల చూశాను, చూసినప్పుడల్లా నాకు ప్రాణం పోతుంది. మర చెడితే ఇంజనే పోయినట్టు. ఫ్లైవీల్ బయటికి వచ్చాక దాని చిన్న తాళం, అదే కీ, ఒక వైపు నలిగిందేమో చూడండి. కొంచెం కోసుకుపోయినా టైమింగ్ తప్పి రెండు సిలిండర్లూ నీరసపడతాయి.

ఇప్పుడు కాయిల్స్‌ని పగటి వెలుతురులో, చదువుకునే అద్దాలు పెట్టుకుని చూడండి. గోధుమరంగు లేదా నల్లటి గట్టి పూత ఉంటుంది. ఆ పూత మీద, ముఖ్యంగా ప్లగ్గు వైరు దూరే చోట, ఎండిన చెరువు మట్టిలా సన్నని బీటలు కనపడితే ఇక ఆలోచించక్కర్లేదు. ఈ కాలం నాటి ఈ కాయిల్స్‌కి ఉన్న జబ్బే ఇది. నది మీద తేమ, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పు గాలి ఆ బీటల్లోకి దిగుతాయి. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో పనిచేస్తుంది. వేడికి బీట విచ్చుకోగానే కరెంటు ప్లగ్గుదాకా రాకుండా అక్కడే బాడీలోకి దిగిపోతుంది. చల్లారితే మళ్ళీ దగ్గరపడుతుంది. మీరు రాసిన లక్షణం అచ్చం ఇదే. ఇలాంటి కాయిల్‌ని ఎంసీల్ పెట్టి పూడ్చి తెచ్చినవాళ్ళు ఉన్నారు. ఒక వారం నడుస్తుంది, నది మధ్యలో ఆగుతుంది. మార్చాల్సిందే, మార్చితే రెండూ కలిపి మార్చండి.

కొత్త కాయిల్ బిగించేటప్పుడు దాని ఇనుప రేకుల అంచులు కింద ప్లేటు మీదున్న చెక్కిన అంచులతో సరిగ్గా సమానంగా ఉండాలి. బయటికి పొడుచుకు వస్తే ఫ్లైవీల్ అయస్కాంతానికి రాసుకుంటుంది, లోపలికి పోతే కరెంటు తగ్గుతుంది. వేలిగోటితో తడిమితే తెలిసిపోతుంది.

ఫ్లైవీల్ తీసిన చేత్తోనే పాయింట్లు కూడా చూసేయండి. పాయింట్ల సందు 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే సుమారు అర మిల్లీమీటరు. క్యామ్ ఎత్తు మీద ఉండి పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడే ఫీలర్ గేజ్ పెట్టి కొలవాలి. రెండూ ఒకేలా ఉండాలి. మోటారు నెలల తరబడి పాకలో పడి ఉంటే పాయింట్ల మీద కంటికి కనపడని పొర కడుతుంది. గరుకు కాగితంతో రుద్దకండి, దాని పొడి మధ్యలో ఇరుక్కుని కొత్త తంటా తెస్తుంది. శుభ్రమైన తెల్ల కాగితం ముక్క స్పిరిట్‌లో తడిపి పాయింట్ల మధ్య పెట్టి, మూసి, మెల్లగా లాగండి. కాగితం మీద నల్లటి గీత పడుతుంది. గీత పడనంత వరకూ మళ్ళీ మళ్ళీ చేయండి. ప్లగ్గు సందు 30 థౌ.

విడిభాగాలు దొరకవనే టెన్షన్ వద్దు. జాన్సన్, ఎవిన్‌రూడ్ రెండూ ఒకే కంపెనీ బళ్ళు. ఆ కంపెనీ 2000 డిసెంబరులో దివాలా తీసింది, తర్వాత కొన్నవాళ్ళు 2020లో ఎవిన్‌రూడ్ తయారీ కూడా ఆపేశారు. అయినా ఈ కాయిల్, పాయింట్లు, కండెన్సర్ ఆ రోజుల్లో చాలా మోడళ్ళకి ఒకటే వేశారు కాబట్టి వేరే తయారీదారులు ఇప్పటికీ చేస్తున్నారు. ఎవిన్‌రూడ్ పేరు మీద దొరికినా తీసుకోండి. మోటారు బ్రాకెట్ మీదున్న పలకని గుడ్డతో తుడిచి మోడల్ నంబరు ఫొటో తీసి ఆ నంబరుతోనే అడగండి.

కరెంటు ముఖ్య ముద్దాయి అయినా పెట్రోలుని వదిలేయలేను. ఈ మోటారు తయారైననాటి పెట్రోలు కాదు ఇప్పుడు మనం పోసేది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలైంది, ఇప్పుడు దాదాపు ఏ బంకులో పోయించినా అదే. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. మన డెల్టా గాలిలో తేమకి కొదవేముంది? పడవలో ట్యాంకు సగం ఖాళీగా నెలరోజులు ఉంచితే నీరు, ఇథనాల్ కలిసి అడుక్కి దిగుతాయి, సరిగ్గా ట్యూబు పీల్చే చోటికి. ఒక గాజు సీసాలో ట్యాంకు అడుగు పెట్రోలు పట్టి పది నిమిషాలు ఉంచండి. కింద వేరే పొర కనపడితే మొత్తం పారబోయాల్సిందే. ఇక పాత రబ్బరు ట్యూబు లోపల ఊడి మెత్తటి ముక్కలవుతుంది. మీ కార్బరేటర్‌లో కార్కు ఫ్లోటు ఉంటే దాని మీది లక్క పూతని ఇథనాల్ తినేస్తుంది, కార్కు పెట్రోలు పీల్చుకుని బరువెక్కి మునుగుతుంది, కార్బరేటర్ పొంగుతుంది. కార్కు వేలితో నొక్కితే జిగురుగా తగిలితే మార్చండి. కార్బరేటర్ కడిగించారు కానీ కింద గిన్నె లోపలి పెద్ద జెట్టుని విప్పి తీగతో కాకుండా గాలితో ఊదారో లేదో అడగండి. పైపైన స్ప్రే కొడితే ఆ జెట్టులోని పచ్చటి చిలుము పోదు.

పెట్రోలు తప్పా కాదా తేల్చడానికి మంచి ఉపాయం ఉంది. నీరసపడిన క్షణంలో తోడున్నవారిని ట్యూబు మధ్య ఉన్న రబ్బరు బల్బు నొక్కుతూ ఉండమనండి. నొక్కినప్పుడల్లా జోరు వస్తే పెట్రోలు పంపు పొర చిరిగిందనో, ట్యూబు ఎక్కడో గాలి పీలుస్తోందనో అర్థం. బల్బు నొక్కినా ఏ మార్పూ లేకపోతే కాయిల్ వైపే చూడాలి. ట్యాంకు మూత మీది గాలి మర మాత్రం ముందే తెరిచి ఉంచండి, నా అనుభవం చెప్పాను కదా.

ఆయిలు లీటరుకి 40 మిల్లీలీటర్లు కలుపుతున్నానన్నారు. 1960ల మధ్య నుంచి వచ్చిన ఈ కంపెనీ మోటార్లకి సాధారణంగా 50:1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. అంతకు ముందువాటికి 24:1. మీ పలక మీది నంబరుతో సంవత్సరం ఖాయం చేసుకున్నాకే తగ్గించండి, అంతవరకు ఎక్కువ ఉన్నా ఇంజను చావదు, ప్లగ్గు తడుస్తుంది అంతే. బైక్ 2టీ ఆయిలు బదులు పడవ మోటార్ల కోసం చేసిన టీసీ-డబ్ల్యూ3 రకం తీసుకోండి. నీటితో చల్లబడే ఇంజనులో బైక్ ఆయిలు మసి ఎక్కువ కడుతుంది.

మీరు మధ్యలో ఒక మాట అలా అనేసి వెళ్ళిపోయారు: పోయినేడాది చెక్క నావ తీసేసి 16 అడుగుల ఫైబర్ బోటు కొన్నామని. అది చిన్న సంగతి కాదు. మీ మోటారు కాలు పొట్టిది అయితే దాన్ని బిగించే పడవ వెనక పలక ఎత్తు 15 అంగుళాల దగ్గర ఉండాలి. సముద్రానికి కూడా పనికొచ్చేలా చేసిన ఫైబర్ బోట్లకి ఆ పలక ఎత్తుగా ఉంటుంది. ప్రొపెల్లర్ పైన రెక్కలా ఉండే పలక పడవ అడుగుతో సమానంగానో, ఒక అంగుళం కిందో ఉండాలి. పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి ఇంజను ఒక్కసారిగా అరుస్తుంది. మీకు అలా అరవడం లేదు కాబట్టి ఇప్పటి జబ్బు అది కాకపోవచ్చు. కానీ కాయిల్ మార్చి దమ్ము వచ్చిన రోజున ఇది బయటపడవచ్చు. టేపు పెట్టి కొలిచి నాకు చెప్పండి.

ప్రొపెల్లర్‌లో రబ్బరు బుష్ ఉన్న రకం అయితే లోపలి గొట్టం మీదా బయట మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గీసి నడిపి రండి. గీత విడిపోతే బుష్ జారుతోంది. ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకి వల దారం చుట్టుకుందేమో విప్పి చూడండి, అది సీలుని కోసి గేరు బాక్సులోకి నీరు పంపుతుంది. గేరు ఆయిలు పాలు కలిపిన టీలా వస్తే సీలు పోయినట్టే.

వేడెక్కితే నీరసం అన్నారు కాబట్టి నీటి పంపు కూడా చూడాలి. ఈ మోడల్‌లో పక్కనుంచి సన్నగా ధారలా నీరు రాదు, కాలు వెనక రంధ్రాల్లోంచి తుంపరగా వస్తుంది. అది వస్తున్నా సిలిండర్ తల మీద చెయ్యి రెండు మూడు క్షణాలు కూడా నిలవకపోతే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ అరిగింది. జులై, ఆగస్టుల్లో ఎర్ర నీరు వచ్చినప్పుడు ఒండ్రు ఇసుక ఆ రబ్బరుని గరుకు కాగితంలా అరగదీస్తుంది. ప్రతి వరదల తర్వాతా విప్పి చూడడం మన దగ్గర తప్పదు. పోటు నీటిలో తిరిగి వచ్చాక డ్రమ్ములో మంచినీళ్ళు పోసి ఐదు నిమిషాలు నడపండి.

వేగం కొలిచేటప్పుడు ఒక్క జాగ్రత్త. పోటులో ఒకరోజు, పాటులో ఒకరోజు చూసి మోటారు బాగుపడిందనో చెడిందనో అనుకుంటారు చాలామంది. పడవ నీటిలో గంటకి 10 కిలోమీటర్లు పోతుందనుకోండి, నీరు మూడు కిలోమీటర్ల వేగంతో నడుస్తోందనుకోండి. వాలుకి 13 కనపడుతుంది, ఎదురుకి ఏడు. అందుకే ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకుని వెంటవెంటనే వెళ్ళి రండి. ఫోనులో జీపీఎస్ వేగం రెండు వైపులా రాసుకుని సగటు తీయండి. ఇసుక మేట మీద లోతు లేనిచోట కొలవకండి, అక్కడ పడవ వెనక్కి లాగినట్టు బరువెక్కుతుంది. నలుగురితో ఈ పొడవు పడవకి 6 హార్స్‌పవర్ మీద గంటకి 9, 10 కిలోమీటర్లు వస్తే మోటారు ఆరోగ్యంగా ఉన్నట్టే, అంతకుమించి దాన్ని అడగకండి.

ముందు వేడి మీద వైరు పరీక్ష, బల్బు పరీక్ష చేయండి. రెండూ ఒకే ప్రయాణంలో అయిపోతాయి. కింది సిలిండరే చచ్చిందని తేలితే ఫ్లైవీల్ తీసి కాయిల్స్ ఫొటోలు పెట్టండి, బీటలు కనపడేలా దగ్గర నుంచి. కాయిల్ మార్చేవరకు మోటారుని ఓడలరేవు మొగ వైపు తీసుకెళ్ళకండి. పాటు మీద ఇంజను ఆగితే నీరు తిన్నగా సముద్రంలోకి లాగుతుంది. పరీక్షకి వెళ్ళేటప్పుడు కూడా రెండు తెడ్లు, లంగరు, దానికి సరిపడా తాడు, ఎక్కినవాళ్ళందరికీ లైఫ్ జాకెట్లు పడవలో ఉండాలి.